ల్యాప్‌టాప్ లేకుండా కోడింగ్ మొదలుపెట్టొచ్చా? ఫోన్‌లో పైథాన్ నేర్చుకున్న మా చెల్లి 45 రోజుల అనుభవం

మే నెలలో ఓ ఆదివారం పొద్దున్నే మా బాబాయ్ ఫోన్ చేశాడు. ఇంట్లో గ్యాడ్జెట్ల పిచ్చోడిని నేనే కాబట్టి, టీవీ దగ్గర్నుంచి మిక్సీ దాకా ఏది కొనాలన్నా ఫోన్ నాకే వస్తుంది. ఈసారి మ్యాటర్ కాస్త పెద్దది.

"ఒరేయ్ అబ్బాయ్, చెల్లి ఇంజినీరింగ్‌లో చేరుద్ది కదా. కంప్యూటర్ సైన్స్ అంటే ల్యాప్‌టాప్ ఉండాల్సిందేనంట. షాపులో అరవై వేలు చెప్పాడు. డబ్బులు మాట్లాడా, రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. నువ్వు ఏ కంపెనీదో చెప్తే రేపే తెచ్చేస్తా."

నూటికి రెండు రూపాయలంటే 60,000కి నెలకి 1,200 వడ్డీ. బాబాయ్‌కి ఉన్నది రెండు గేదెలు, ఎకరంన్నర పొలం. పది రోజులకోసారి వచ్చే పాల డబ్బుతోనే ఇల్లు గడుస్తుంది. అటు చెల్లేమో ఈఏపీసెట్ రాసి కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తోంది. కాలేజీ మొదలవడానికి ఇంకా రెండు నెలలుంది. అప్పటిదాకా ఆ ల్యాప్‌టాప్‌లో ఏం చేస్తుందంటే, నిజం చెప్పాలంటే, సినిమాలు చూస్తుంది.

"బాబాయ్, రెండు నెలలు ఆగు. ముందు నీ ఫోన్‌లో నేర్చుకోనీ. అప్పటికీ కావాలంటే నేనే దగ్గరుండి కొనిపిస్తా" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "ఫోన్‌లో కంప్యూటర్ చదువేంట్రా?" అన్నాడు.

ఈ ఆర్టికల్ మొత్తం ఆ ప్రశ్నకి జవాబే. ఫోన్‌లో ప్రోగ్రామింగ్ బేసిక్స్ నేర్చుకోవచ్చా? నేర్చుకోవచ్చు. అయితే ఫోన్‌తోనో ల్యాప్‌టాప్‌తోనో సంబంధం లేని ఒక అలవాటు లేకపోతే, లక్ష రూపాయల మెషీన్ ముందు పెట్టినా రాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే నాకు అలాగే రాలేదు.

నా సీ ల్యాబ్ కథ

బీటెక్ ఫస్ట్ ఇయర్‌లో మాకు సీ లాంగ్వేజ్ ఉండేది. ల్యాబ్‌లో కంప్యూటర్లున్నాయి, హాస్టల్ రూంలో ఫ్రెండ్ ల్యాప్‌టాప్ ఉంది. నేను చేసిందల్లా సీనియర్ రికార్డు తెచ్చుకుని 24 ప్రోగ్రాములూ బట్టీ పట్టడం. ఎక్స్‌టర్నల్‌లో నాకు ప్రైమ్ నంబర్ ప్రోగ్రాం వచ్చింది. ఎగిరి గంతేశా. సెమికోలన్ కూడా మిస్ కాకుండా పేపర్ మీద దించేశా, రన్ చేశా, అవుట్‌పుట్ వచ్చింది.

ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన మేడం చూసి, "బాగుంది. ఇప్పుడు 1 నుంచి 100 దాకా ఉన్న ప్రైమ్ నంబర్లన్నీ ప్రింట్ చెయ్యి" అన్నారు. అంతే. ఉన్న కోడ్ చుట్టూ ఇంకో లూప్ పెడితే అయిపోయే పని. నాకు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అసలు లోపలున్న మొదటి లూప్ ఏం చేస్తోందో కూడా తెలియదు. ఇరవై నిమిషాలు స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నా. ల్యాబ్ ఎలాగో గట్టెక్కింది కానీ థియరీలో బ్యాక్‌లాగ్ పడింది.

దానికి కారణం సీ కాదు, కంప్యూటర్ కాదు. నేను ఒక్కసారి కూడా "ఈ లైన్ నడిస్తే ఏమవుతుంది?" అని నన్ను నేను అడుక్కోలేదు. తర్వాత సప్లీకి చదివేటప్పుడు, ఊరికి వెళ్లే బస్సులో ఫోన్‌లోనే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకుంటూ ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టా. నాకు ప్రోగ్రామింగ్ వచ్చింది అక్కడే. అందుకే చెల్లికి కూడా ఫోన్ చాలని ధైర్యంగా చెప్పగలిగా.

సెటప్: పది నిమిషాల పని

లాంగ్వేజ్‌గా పైథాన్ తీసుకున్నాం. నెదర్లాండ్స్‌కి చెందిన గైడో వాన్ రోసమ్ 1989 చివర్లో దీని పని మొదలుపెట్టి 1991లో మొదటి వెర్షన్ విడుదల చేశారు. పేరు పెట్టింది కొండచిలువని చూసి కాదు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ బృందాన్ని చూసి. బిగినర్‌కి ఇందులో ఉన్న సుఖం ఏంటంటే, ఒక్క లైన్ రాసినా అది పూర్తి ప్రోగ్రామే.

ఆండ్రాయిడ్‌లో పైడ్రాయిడ్ 3 అనే యాప్ ప్లే స్టోర్‌లో ఉంది. ఫ్రీ వెర్షన్‌లో యాడ్స్ వస్తాయి, కానీ బేసిక్స్‌కి అది చాలు. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కమాండ్ లైన్ అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లు టెర్మక్స్ చూడొచ్చు. ఐఫోన్ ఉన్నవాళ్లకి ఎ-షెల్ అనే ఫ్రీ యాప్‌లో పైథాన్ ఉంటుంది. బాబాయ్ ఫోన్ 4 జీబీ ర్యామ్‌ది, కొని మూడేళ్లయింది. ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. అసలు ఇబ్బంది ఏంటంటే, ఆ ఫోన్ చెల్లికి దొరికేది రాత్రి ఏడు దాటాకే.

ఫోన్‌లో మొదలుపెట్టేవాళ్లు ముందే చేసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఆటో క్యాపిటలైజేషన్, ఆటో కరెక్ట్ ఆపేయండి. లేకపోతే ప్రింట్ అని కొడితే మొదటి అక్షరం దానంతటదే పెద్దదైపోతుంది. పైథాన్‌కి పెద్ద 'పి', చిన్న 'పి' వేర్వేరు కాబట్టి "ఈ పేరు నాకు తెలియదు" అని నేమ్ ఎర్రర్ ఇస్తుంది. చెల్లి మొదటి ఎర్రర్ ఇదే. రెండోది, వాట్సాప్‌లోనో వెబ్ పేజీలోనో కనిపించిన కోడ్ కాపీ చేస్తే కొటేషన్ గుర్తులు కొన్నిసార్లు వంకర కొటేషన్లుగా వస్తాయి. పైథాన్ వాటిని ఒప్పుకోదు. నిట్టనిలువు కొటేషన్లే కావాలి. ఎలాగూ కాపీ చేయొద్దనే చెప్తున్నా, ఇది దానికి ఇంకో కారణం.

ఇంట్లో పాత యూఎస్‌బీ కీబోర్డ్ పడి ఉంటే, వందా నూటయాభైకి దొరికే ఓటీజీ అడాప్టర్‌తో ఫోన్‌కి తగిలించండి. టైపింగ్ బాధ సగం తగ్గుతుంది, పైగా స్క్రీన్ మొత్తం కోడ్‌కే మిగులుతుంది. మేం పక్కింటి వాళ్ల అటక మీదున్న కీబోర్డ్ అడిగి తెచ్చుకున్నాం.

ఇంకో మాట. ఈ ఆర్టికల్‌లో కోడ్‌ని చదివే తీరులో తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నా. ప్రింట్, ఇన్‌పుట్, ఫర్ లాంటి పైథాన్ సొంత మాటల్ని మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. కానీ మీరు పెట్టుకునే పేర్లు మాత్రం నిజంగానే తెలుగులో ఉండొచ్చు. పైథాన్ 3లో వయసు = 18 అని రాస్తే శుభ్రంగా నడుస్తుంది. రేపు ఉద్యోగంలో ఇంగ్లీషు పేర్లే వాడతారు, అది వేరే సంగతి. మొదటి వారంలో మాత్రం ఏది పైథాన్ మాటో, ఏది మనం పెట్టిన పేరో తేడా తెలియడానికి ఇది భలే పనికొస్తుంది.

ఒకే ఒక్క రూల్: ముందు అంచనా, తర్వాతే రన్

చెల్లికి వీడియో కోర్సుల లింకులేం పంపలేదు. ఒక పాత నోట్‌బుక్ తీసుకుని పేజీని మూడు భాగాలు చేయమన్నా. మొదట కోడ్, మధ్యలో 'నా అంచనా', చివర 'వచ్చింది'. రన్ బటన్ నొక్కే ముందు మధ్య గడి నిండి ఉండాలి. ఖాళీగా ఉంటే నొక్కకూడదు. అంతే రూల్.

చిన్నపిల్లల ఆటలా ఉందా? అయితే ఈ నాలుగూ మీరు చేయండి. కింద జవాబు చూడకుండా అంచనా వేయండి.

ఒకటి: ప్రింట్("5" + "5")

రెండు: ప్రింట్(10 / 2)

మూడు: మొదటి లైన్ అ = 5, రెండో లైన్ ఆ = అ, మూడో లైన్ అ = 7, నాలుగో లైన్ ప్రింట్(ఆ)

నాలుగు: ప్రింట్(లెన్("అమ్మ")). లెన్ అంటే పొడవు ఎంతో చెప్పేది.

మొదటిదానికి 55 వస్తుంది. కొటేషన్లలో ఉన్నది పైథాన్ దృష్టిలో అంకె కాదు, అక్షరాల వరుస. ప్లస్ గుర్తు రెండు వరుసల్ని పక్కపక్కన అతికిస్తుంది. రెండోదానికి 5 కాదు, 5.0 వస్తుంది. పైథాన్ 3లో ఒక్క గీత భాగహారం ఎప్పుడూ దశాంశ సంఖ్యనే ఇస్తుంది. పూర్ణాంకం కావాలంటే రెండు గీతలు పెట్టాలి.

మూడోదాంట్లో చాలామంది పడతారు, చెల్లి కూడా పడింది. 7 అని రాసుకుంది, 5 వచ్చింది. లెక్కల క్లాసులో ఈక్వల్ టు అంటే రెండు వైపులా ఎప్పుడూ సమానం అని. ఇక్కడ అలా కాదు. "కుడివైపున్న విలువ తీసుకుని ఎడమవైపు పేరుకి తగిలించు" అనే ఆజ్ఞ అది. రెండో లైన్ నడిచినప్పుడు అ దగ్గర 5 ఉంది, ఆ పేరుకి కూడా ఆ 5 తగిలింది. తర్వాత అ ఇంకో విలువకి మారిపోతే ఆ ఎందుకు మారుతుంది? ప్రోగ్రాం పైనుంచి కిందకి ఒక్కో లైనుగా నడుస్తుందన్న సంగతి చెల్లికి నిజంగా అర్థమైంది ఈ నాలుగు లైన్లతోనే.

నాలుగోదానికి జవాబు 4. కంటికి రెండక్షరాలే. కానీ కంప్యూటర్ లోపల అది అ, మ, పొల్లు, మ అని నాలుగు యూనికోడ్ గుర్తులు. "తెలుగు" అని ఇస్తే 6 వస్తుంది, ఒక్కో గుణింతం గుర్తుని విడిగా లెక్కపెడుతుంది కాబట్టి. దీనికి చెల్లి పెట్టిన కామెంట్: "అన్నయ్యా, ఇది మన తెలుగు మేస్టారి కంటే ఘోరంగా ఉంది."

అంచనా తప్పినా ఏం నష్టం లేదు. అంచనా తప్పిన చోటే మీ బుర్రలో ఉన్న కంప్యూటర్‌కీ, చేతిలో ఉన్న కంప్యూటర్‌కీ తేడా బయటపడుతుంది. అంచనా వేయకుండా రన్ చేస్తే ఆ తేడా ఉందని కూడా తెలియదు. నేను ఫస్ట్ ఇయర్‌లో చేసింది అదే.

ఐదున్నర కోట్ల బిస్కెట్లు

రెండో వారంలో ఇన్‌పుట్ నేర్చుకుంది. బిస్కెట్ ప్యాకెట్ ధర అడిగి, ఎనిమిది ప్యాకెట్లకి ఎంతవుతుందో చెప్పే ప్రోగ్రాం రాసింది.

ధర = ఇన్‌పుట్("ప్యాకెట్ ధర ఎంత? ")
ప్రింట్(ధర * 8)

అంచనా గడిలో 40 అని రాసి, రన్ చేసి, 5 కొట్టింది. వచ్చింది 55555555. రాత్రి తొమ్మిదింటికి నాకు స్క్రీన్‌షాట్, దాని కింద "నాన్న ఎనిమిది బిస్కెట్ ప్యాకెట్లకి ఐదు కోట్ల యాభై ఐదు లక్షలు కట్టాలంట" అని మెసేజ్.

ఇది ప్రతి బిగినర్ దాటాల్సిన గుంత. ఇన్‌పుట్ ద్వారా వచ్చేది ఎప్పుడూ అక్షరాల వరుసే, మీరు అంకె కొట్టినా సరే. వరుసని 8తో గుణిస్తే పైథాన్ దాన్ని ఎనిమిదిసార్లు రిపీట్ చేస్తుంది. పరిష్కారం చిన్నదే: ధర = ఇంట్(ఇన్‌పుట్("ప్యాకెట్ ధర ఎంత? ")). ఇంట్ అంటే దాన్ని పూర్ణాంకంగా మార్చు అని. 6.8 లాంటి దశాంశాలు కావాలంటే ఇంట్ బదులు ఫ్లోట్.

ఇక్కడ గమనించండి, ఎర్రర్ రాలేదు. పైథాన్ సంతోషంగా తప్పు జవాబు ఇచ్చింది. ముందు 40 అని రాసుకుంది కాబట్టే తప్పని తెలిసింది. ఇక్కడంటే అంకె మరీ పెద్దది కాబట్టి ఎవరైనా పట్టేస్తారు. పట్టుకోలేనంత మామూలుగా కనిపించే తప్పు తర్వాత వచ్చింది. దానికే వస్తున్నా.

ఎర్రర్ వస్తే కిందనుంచి చదవండి

ఎర్ర అక్షరాల్లో పెద్ద ట్రేస్‌బ్యాక్ వస్తే భయపడి యాప్ మూసేసేవాళ్లని చూశా. దాన్ని చివరి లైన్ నుంచి చదవాలి. ఏం జరిగిందో అక్కడుంటుంది. ఆ పైన ఏ లైన్లో జరిగిందో నంబరుంటుంది. బేసిక్స్‌లో మీకు తగిలే రకాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సింటాక్స్ ఎర్రర్ అంటే వాక్యం కట్టడంలోనే తప్పు. నేమ్ ఎర్రర్ అంటే ఆ పేరు ముందెప్పుడూ చెప్పలేదు, లేదా స్పెల్లింగ్ తేడా. టైప్ ఎర్రర్ అంటే అంకెకీ అక్షరాలకీ ముడిపెట్టబోయారు. ఇండెంటేషన్ ఎర్రర్ అంటే లైన్ ముందు ఖాళీ సరిగ్గా లేదు.

ఈ చివరిది పైథాన్ ప్రత్యేకత. సీలో మీసాల బ్రాకెట్లతో చేసే పనిని పైథాన్‌లో లైన్ ముందుండే ఖాళీయే చేస్తుంది. ఇఫ్ లేదా ఫర్ లైన్ చివర కోలన్ పెట్టి, దాని కిందకొచ్చే లైన్లని నాలుగు స్పేస్‌లు లోపలికి జరపాలి. ఎంతవరకు జరిపారో అంతవరకే దాని పరిధి. మా ఊళ్లో పొలం గట్టులాగా అనుకో అమ్మలూ, గట్టు ఎక్కడ ఆగితే మన చెక్క అక్కడిదాకానే అని చెప్తే వెంటనే అర్థం చేసుకుంది.

2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి ఈ ఎర్రర్ మెసేజ్‌లు బాగా మెరుగయ్యాయి. బ్రాకెట్ మూయడం మరిచిపోతే ఫలానా బ్రాకెట్ మూయలేదని సూటిగా చెప్తుంది. స్పెల్లింగ్ తప్పితే "ఇదా మీరనుకున్నది?" అని సరైన పేరు సూచిస్తుంది.

పాల లెక్కలో పోయిన 272 రూపాయలు

నాలుగో వారంలో లిస్ట్, ఫర్ లూప్ అయ్యాయి. ఇక ఎవరో ఇచ్చిన ఎక్సర్‌సైజులు వద్దు, ఇంట్లో అవసరమున్న లెక్క ఏదైనా చెయ్యమన్నా. పాల లెక్క తీసుకుంది.

బాబాయ్ పొద్దుటి పాలు వాడికగా పోయించుకునే ఇళ్లకి పోస్తాడు, సాయంత్రం పాలు కేంద్రంలో పోస్తాడు. కేంద్రంలో లీటర్లు, ఫ్యాట్ చూసి చీటీ ఇస్తారు. అప్పటి రేటు ప్రకారం ఫ్యాట్ ఒక్కో పాయింటుకి లీటరుకి 8 రూపాయలు. అంటే 5 లీటర్లు, 6.8 ఫ్యాట్ పడితే ఆ రోజుకి 272 రూపాయలు. పది రోజులకోసారి బిల్లు. చెల్లి పది చీటీలూ ముందేసుకుని రెండు లిస్టులు కట్టింది, లీటర్లకొకటి, ఫ్యాట్‌కొకటి. తర్వాత ఇలా రాసింది.

మొత్తం = 0
ఫర్ రోజు ఇన్ రేంజ్(1, 10):
    మొత్తం = మొత్తం + లీటర్లు[రోజు] * ఫ్యాట్[రోజు] * 8
ప్రింట్(మొత్తం)

ఒకటి నుంచి పది రోజులు, ఒక్కో రోజు డబ్బు కలుపుకుంటూ పో. చదువుతుంటే బాగానే ఉంది కదా? రన్ అయింది. ఎర్రర్ లేదు. 2,492 వచ్చింది. కేంద్రం వాళ్లిచ్చిన బిల్లు 2,764.

ఆ రోజు మాత్రం మధ్య గడి ఖాళీగా వదిలేసిందట. పది గుణకారాలు చేతితో ఎవరు చేస్తారని. నాకు వీడియో కాల్ చేసి, "అన్నయ్యా, కేంద్రం వాళ్లు లెక్క తప్పారు, మనకి ఎక్కువిచ్చారు" అంది. వెనకాల మంచం మీద పడుకున్న బాబాయ్ లేచి కూర్చున్నాడు. "ఇరవయ్యేళ్లుగా పాలు పోస్తున్నా. తక్కువిచ్చిన రోజులున్నాయి గానీ ఎక్కువిచ్చిన రోజు లేదు. నీ ఫోన్‌లోనే ఏదో తేడా ఉంది చూసుకో" అన్నాడు.

తప్పేంటో నాకు వెంటనే కనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆపుకున్నా. "లూప్ లోపల ప్రతిరోజూ డబ్బు ప్రింట్ చేయించి చూడు" అని మాత్రం చెప్పా.

ప్రింట్ పెట్టి మళ్లీ రన్ చేసింది. తొమ్మిది లైన్లే వచ్చాయి. "పది రోజులు కదా, తొమ్మిదే వచ్చాయేంటి?" అంటూ చీటీలు ఒక్కొక్కటీ పక్కన పెట్టుకుని పోల్చింది. పోయింది చివరి రోజు కాదు, మొదటి రోజు. మొదటి చీటీ మీద 5 లీటర్లు, 6.8. సరిగ్గా 272 తేడా.

జరిగింది ఇది. రేంజ్(1, 10) అంటే 1 నుంచి 9 దాకానే, చివరి అంకెని అది తీసుకోదు. ఇటు లిస్టులో లెక్క 1తో మొదలవదు, సున్నాతో మొదలవుతుంది. మొదటి రోజు చీటీ ఉన్నది సున్నా స్థానంలో, పదో రోజుది తొమ్మిదో స్థానంలో. అంటే లూప్ చివరిదాకా సరిగ్గానే వెళ్లింది, మొదటి చీటీని మాత్రం ముట్టుకోలేదు. రెండు పొరపాట్లు ఒకదాన్నొకటి కప్పుకున్నాయి. రేంజ్(1, 11) అని రాసి ఉంటే లేని పదకొండో చీటీ కోసం వెతికి ఇండెక్స్ ఎర్రర్ ఇచ్చేది, అప్పుడే దొరికేది. రేంజ్(10) అని రాస్తే సున్నా నుంచి తొమ్మిది, పది రోజులూ వస్తాయి. మార్చి రన్ చేసింది. 2,764.

బాబాయ్‌కి పైథాన్ అంటే ఏంటో తెలియదు. కానీ ఆ గదిలో ఆ రోజు సరైన ప్రోగ్రామర్ ఆయనే. జవాబు ఎంత రావాలో ఆయన దగ్గర ముందే ఒక అంచనా ఉంది. దానికి కలవకపోతే మెషీన్‌ని అనుమానించాడు. నేను చెల్లితో నోట్‌బుక్‌లో రాయించింది సరిగ్గా ఇదే.

ఏఐని ఎక్కడ వాడాలి?

ఇప్పుడు ఏ చాట్‌బాట్‌ని అడిగినా పాల లెక్క ప్రోగ్రాం పది సెకన్లలో రాసిస్తుంది. ఉద్యోగంలో నేనూ వాడతా. కానీ బేసిక్స్ దశలో అది రాసిచ్చిన కోడ్ నా సీనియర్ రికార్డు లాంటిదే. రన్ అవుతుంది, చిన్న మార్పు చేయమంటే చేతులు ఆడవు. చెల్లికి పెట్టిన హద్దు ఇది: ఎర్రర్ మెసేజ్ అర్థం కాకపోతే దాన్ని అడుగు, వివరిస్తుంది. కోడ్ రాయమని మాత్రం అడగకు. లైన్ లైనుకీ ఇదెందుకుందో నోటితో చెప్పలేని కోడ్ ఏదైనా ఉంటే చెరిపేసి మళ్లీ రాయి.

కాలేజీలో సీ ఉంటే ఇదంతా వేస్టా?

కాదు. డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో 1972 ప్రాంతంలో తయారుచేసిన సీ ఇప్పటికీ చాలా కాలేజీల్లో ఫస్ట్ ఇయర్ సిలబస్. అందులో వేరియబుల్ రకం ముందే చెప్పాలి, లైన్ చివర సెమికోలన్ పెట్టాలి, కంపైల్ చేశాకే రన్ అవుతుంది. కానీ విలువకి పేరు పెట్టడం, ఇఫ్‌తో దారి ఎంచుకోవడం, లూప్‌తో రిపీట్ చేయడం, పనిని ఫంక్షన్‌గా విడగొట్టడం అక్కడా ఇవే. సున్నా నుంచి లెక్క అక్కడా ఉంది. ఇంకో సంగతి, లిస్టు దాటి ముందుకెళ్తే పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. సీ ఆ పని చేస్తుందని గ్యారంటీ లేదు, పిచ్చి అంకె చూపించి ముందుకెళ్లిపోవచ్చు. అంటే అంచనా వేసే అలవాటు సీలో ఇంకా ఎక్కువ అవసరం.

ఫోన్ ఎక్కడ చేతులెత్తేస్తుంది?

రివ్యూ రాసేవాడిగా మైనస్‌లు కూడా చెప్పాలి కదా. యాభై లైన్లు దాటిన కోడ్‌ని ఫోన్ స్క్రీన్ మీద పైకీ కిందకీ జరుపుకుంటూ చదవడం నరకం. ఓటీజీకి కీబోర్డ్ తగిలిస్తే, చాలా ఫోన్లలో అదే సమయంలో ఛార్జింగ్ పెట్టలేం. నాలుగైదు ఫైళ్లున్న ప్రాజెక్టు, ఆండ్రాయిడ్ యాప్ తయారీ లాంటివి ఫోన్‌లో కుదరవు. వాట్సాప్ నోటిఫికేషన్ల సంగతి సరేసరి.

కాబట్టి ల్యాప్‌టాప్ అవసరం వస్తుంది, అయితే మొదటి రోజు కాదు. బీటెక్ కోడింగ్‌కి 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ సరిపోతాయి. ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి వాడతామనుకుంటే 16 జీబీ, లేదా తర్వాత ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉన్న మోడల్ చూసుకోండి. గేమ్స్ ఆడటానికైతే తప్ప, కోడింగ్ నేర్చుకోవడానికి గ్రాఫిక్స్ కార్డు కోసం ఇరవై వేలు ఎక్కువ పెట్టక్కర్లేదు. షాపువాడు "ఇంజినీరింగ్‌కి ఇదే కావాలండీ" అంటే, ఎందుకో చెప్పమనండి.

బాబాయ్ వడ్డీకి డబ్బు తేలేదు. చెల్లి కాలేజీలో చేరింది, మొదటి రెండు నెలలూ ల్యాబ్‌లో కంప్యూటర్, ఇంటికొచ్చాక ఫోన్‌తో నడిపించింది. దసరా ఆఫర్లలో 36 వేలకి మంచి ల్యాప్‌టాప్ దొరికింది. అప్పటికి బాబాయ్ చీటీ పాడిన డబ్బు చేతికొచ్చింది.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు చూశా. ఫోన్‌లోని పాల లెక్క ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లోకి మార్చి ఇంకా వాడుతోంది. ఇప్పుడది చీటీల లిస్టు ఎంత పొడవున్నా పనిచేస్తుంది, రేటు మారితే ఒక్క చోట మారిస్తే చాలు. పక్కనే బాబాయ్ చీటీలు వేళ్ల మీద కూడుకుంటున్నాడు. "ఇంకా ఎందుకు బాబాయ్, అది చెప్తుంది కదా" అన్నా.

"చెప్పనీరా. ముందు నా లెక్క తేలాలి కదా, అది కరెక్టో కాదో చెప్పడానికి" అన్నాడు.